ముందు తాడు, తరువాత మనిషి

నగర్తపేట, బెంగుళూరు
6 జూన్ 1943

అక్క భాగీరథమ్మకు తమ్ముడు ఆవులప్ప నమస్కారాలు.

బావ క్షేమంగా చేరాడు. నువ్వు కట్టి పంపిన రాగిపిండి మూట మాత్రం బొగ్గుతో నడిచే బస్సు పైకప్పు మీద చినిగి, సర్జాపురం నుంచి ఇక్కడిదాకా దారంతా ముగ్గు పోసుకుంటూ వచ్చిందట. మిగిలిన మూడు శేర్లకే వెంకటలక్ష్మి మురిసిపోయింది. యుద్ధం వచ్చినప్పటి నుంచి ఇక్కడ పిండికి కూడా వరసలో నిలబడాలి.

బావను మా కార్ఖానాలోనే చేర్చాను. ఊళ్ళో ఇనుము దొరక్క కొలిమి చల్లారిందని దిగులుపడ్డావు గదా, ఇక ఆ దిగులు మాను. పనిముట్లకు సానపట్టే చక్రం దగ్గర పెట్టారు. మొదటి రోజే ఆయన పట్టిన సాన చూసి మా ఇంజనీరు, "ఈయన్ని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచినావయ్యా" అన్నాడు.

చిక్కు ఒకటి వచ్చింది. మిలిటరీ లారీలకు బోల్టులు చేసే చోటు ఇది. పైకప్పు కింద పొడుగాటి ఇనుప దండం ఒకటి తిరుగుతుంటుంది. దాని నుంచి ఒక్కో మిషనుకూ ఒక్కో తోలు బెల్టు దిగుతుంది. ఆ బెల్టుకు గుడ్డ అనీ మనిషి అనీ తేడా తెలియదు. అందుకని ఇంజనీరు కొత్తగా ఒక పాఠం పెట్టించాడు. వారానికొక రోజు, పొద్దున కార్ఖానా కూత వేయకముందు అరగంట చొప్పున, ఎనిమిది రోజులు. దెబ్బ తగలకుండా ఎట్లా పని చేయాలి, ఎవరికైనా తగిలితే మిగిలినవాళ్ళు ఏం చేయాలి అని. చెప్పే మేస్త్రీని నేనే. దాచడమెందుకు, నాకు కొంచెం గొప్పగానే ఉంది.

మొదటి రోజు పాఠమే, వదులు గుడ్డ ఏదీ ఒంటి మీద ఉండకూడదని. బావ తలగుడ్డ పన్నెండు మూరలు, కొస నడుందాకా వేలాడుతుంది. తీయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంటల్లుడు. ఆయన్ను నేల మీద కూర్చోబెట్టి నేను నిలబడి పాఠం చెప్పాలంటేనే తప్పనిపిస్తుంటే, తల మీది గుడ్డ దించమని ఏ మొహంతో అనేది? నువ్వే ఆయనకు ఒక మాట రాయి. ఆయనకు చదువు రాదు గాబట్టి నేనే చదివి వినిపిస్తాను. అయినా అది నీ మాట అవుతుంది గానీ నాది కాదు.

నీ తమ్ముడు
ఆవులప్ప

గువ్వలపల్లి
15 జూన్ 1943

చిన్నోడు ఆవులప్పకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అర్థం కాలేదు. పని నేర్పించడం విన్నాను. దెబ్బ తగలకుండా ఉండడం నేర్పించడం ఎక్కడా వినలేదు. నిప్పు దగ్గర పుట్టి నిప్పు దగ్గర పెరిగిన మనిషికి కాలుతుందని నువ్వు చెప్పాలా? గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది. ఆయన సమ్మెట పట్టేనాటికి నీకు ముక్కు తుడుచుకోవడం కూడా రాదు.

తలగుడ్డ సంగతి నువ్వే మరిచిపోతే ఎట్లా? మన ఇళ్ళలో మగవాళ్ళు పదిమందిలో తలగుడ్డ ఎప్పుడు తీస్తారు? నాయన పోయిన రోజు తీశారు. అంతే. ఆ అంచు నేనే కుట్టాను, ఎర్రదారంతో. నేను బతికుండగా, ఆయన బతికుండగా, అది తీయమని నా చేత్తో రాయమంటావా? రాయను.

దెబ్బ తగలాలని రాసి ఉంటే తగులుతుంది. పోయిన మాఘంలో చెరకు గానుగ దగ్గర పెదనాయన కొడుకు సుబ్బరాయుడి చెయ్యి పోలేదా? చెరకుతో పాటు వేళ్ళు లోపలికి పోయాయి. అరుపు విని అందరం వాడి దగ్గరికే పరిగెత్తాం. ఎద్దుల మాట ఎవరికీ గుర్తులేదు. అవి ఇంకో చుట్టు తిరిగాయి. అంతదాకా వేళ్ళే, ఆ చుట్టుకు మణికట్టుదాకా పోయింది. వాడి రాత అనుకున్నాం. ఏ పాఠం చెబితే ఆగేది అది?

మన ఊరి ఓబళప్ప మిరపకాయల బేరానికి నగర్తపేటకు వస్తాడు. ఆయన చేత ఊరగాయ జాడీ పంపిస్తాను. బావకు వేడి చేస్తుంది, ఎక్కువ వేయొద్దని వెంకటలక్ష్మికి చెప్పు.

అక్క
భాగీరథమ్మ

గువ్వలపల్లి
4 జూలై 1943

మరదలు వెంకటలక్ష్మికి,

ఏమని రాయాలో తెలియడం లేదు తల్లీ. నిన్న సాయంత్రం ఓబళప్ప బస్సు దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చి కూలబడ్డాడు. ఊరగాయ ఇద్దామని పొద్దున్నే కార్ఖానాకు పోయాడట. గేటు కమ్మీల్లోంచి చూస్తే నలుగురు మనుషులు ఒకణ్ణి మోసుకొస్తున్నారట. ముఖమంతా తెల్లగుడ్డ చుట్టి ఉందట. ఎడమకాలి రెండువేళ్ళు అతుక్కుని ఉండడం చూసి మన ఆవులప్పేనని పోల్చుకున్నాడు. వెనక వందమంది నడుస్తున్నారు, ఒక్కరి తల మీదా గుడ్డ లేదట. "తలగుడ్డలు దించేసినాక ఇంగేమడిగేదమ్మా" అని ఏడ్చాడు. గేటువాణ్ణి కూడా అడగకుండా వచ్చేశాడు.

నా తమ్ముడు పోయాడని ఎవరూ నాకు కబురైనా పెట్టలేదే! మా ఆయన ఆ నలుగురిలో లేడట. మోయాల్సినవాడు ఎక్కడికి పోయాడు? నిన్న రాత్రే తలకు పోసుకుని మైల పట్టాను. వంక పొంగి బస్సు రావడం లేదు, లేకుంటే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చేదాన్ని. నువ్వు ధైర్యంగా ఉండు. నాకు మాత్రం ధైర్యం లేదు.

నీ వదిన
భాగీరథమ్మ

నగర్తపేట
10 జూలై 1943

అక్కకు, బతికే ఉన్న ఆవులప్ప రాస్తున్నాడు.

వెంకటలక్ష్మికి చదువు రాదు గదా. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. నా చావు కబురు నేనే చదువుతుంటే సగంలో ఆమె ఏడుపు ఎత్తుకుంది. "నేను ఈడనే ఉండాను కదే" అంటే, "వదిన రాసినాదంటే అబద్ధం ఎట్లయితాది" అంటుంది. చివరికి ఆమె చేత నా చెయ్యి గిల్లించుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ నన్ను అదోలా చూస్తోంది.

ఓబళప్ప చూసింది చావు కాదు, ఐదోరోజు పాఠం. దెబ్బ తగిలినవాణ్ణి ఎట్లా మోయాలో నేర్పడానికి ఒకడు పడుకోవాలి. ఎవరూ ఒప్పుకోకపోతే నేనే పడుకున్నాను. కట్టు కట్టడం నేర్చుకునేవాడు ముక్కు కూడా మూసేశాడు, అది వేరే కథ. బెల్టుల హాల్లోకి వచ్చేవాళ్ళు గాబట్టి అందరూ తలగుడ్డలు తీసి మేకులకు తగిలించారు. అంతకుమించి ఏమీ లేదు.

ఆ రోజు ముఖ్యంగా నేర్పింది ఇంకొకటి ఉంది. బెల్టుకు మనిషి చిక్కితే, చూసినవాడు మనిషి దగ్గరికి పరిగెత్తకూడదు. హాలు చివర మోటారు ఆపే తాడు ఒకటి వేలాడుతుంది, ముందు దాన్ని లాగాలి. వినడానికి సులువే. కానీ "అయ్యో" అనగానే తొంభైమంది నా వైపే ఉరికారు. ఊడ్చే మనిషి పిల్లమ్మ ఒక్కతే తాడు వైపు పోయింది. భయపడి పారిపోతోందని అందరూ నవ్వారు.

బావ ఎక్కడ అని అడిగావు. రోడ్డుకు అవతల కాఫీ హోటల్లో. పాఠం జరిగే అరగంటా అక్కడే కూర్చుంటాడు. "నువ్వు చెప్పప్పా, నేను ఈడనుంచే వింటా" అంటాడు. మధ్యలో రోడ్డు, రోడ్డు మీద మిలిటరీ లారీలు. ఏం వినిపిస్తుందో ఆయనకే తెలియాలి.

ఊరగాయ జాడీ ఏమైంది?

నీ తమ్ముడు
ఆవులప్ప

గువ్వలపల్లి
18 జూలై 1943

ఆవులప్పకు,

దస్తూరీ నీదే. నాయన ఇసుకలో దిద్దించిన వంకర అక్షరాలు ఇంకొకరికి రావు. బతికున్నావని తెలిసి దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చున్నాను. తరువాత ఒళ్ళు మండింది. బతికున్నవాడు ముఖాన గుడ్డ కప్పుకుని నలుగురి భుజాల మీద ఎక్కుతాడా? అపశకునాన్ని అరువు తెచ్చుకుంటాడా? మూడు రోజులు నీకోసం మైల పట్టాను. ఇప్పుడు ఆ మైలను ఏం చేయాలో పురోహితుడికే తెలియలేదు. ఊళ్ళోవాళ్ళు పరామర్శకు వచ్చి, ఇప్పుడు నేను బొట్టు పెట్టుకుని తిరుగుతుంటే వింతగా చూస్తున్నారు.

పైగా మనిషి చస్తుంటే వదిలేసి తాడు దగ్గరికి పొమ్మంటావా? ఇదెక్కడి న్యాయమో నా బుర్రకు ఎక్కలేదు.

ఇక నా మాట విను. మీ బావ ఆ పాఠానికి పోకూడదు. తలగుడ్డ తీయకూడదు. ఒకసారి తప్పింది, రెండోసారి ఓబళప్ప నోటి మాట నిజమైతే? నా మీద ఒట్టు. ఇది ఆయనకు చదివి వినిపించు.

జాడీ ఓబళప్ప బస్సులోనే మరిచిపోయాడట. దుఃఖంలో ఉన్నాడని తిట్టలేదు.

అక్క

నగర్తపేట
2 ఆగస్టు 1943

అక్కకు,

నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. "చూసినావా, మీ అక్కకుండే తెలివి నీకు ల్యాదు" అన్నాడు. కాఫీ ఇప్పించాడు.

ఇక్కడ ఒక నియమం ఉంది. పాఠానికి వచ్చిన ప్రతివాడూ పుస్తకంలో తన పేరుకెదురుగా వేలిముద్ర వేయాలి. ఎనిమిది ముద్రలు పడితేనే బెల్టుల హాల్లో పని. లేకుంటే బొగ్గు మోయడానికి పంపిస్తారు. సాన పట్టే చేతులు బొగ్గు తట్ట ఎత్తడం నేను చూడలేను, నీ ఒట్టు కాదనలేను. ముందు నుయ్యి వెనక గొయ్యి.

పుస్తకంలో బావ పేరుకెదురుగా ఎనిమిది ముద్రలు పడ్డాయి. పడ్డాయని మాత్రం రాస్తున్నాను. ఎట్లా అని అడగొద్దు.

ఆవులప్ప

నగర్తపేట
29 సెప్టెంబరు 1943

అక్కా,

నిన్న పొద్దున బావ తలగుడ్డ కొస బెల్టులో చిక్కింది. ధర్మాసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదని డాక్టరు ఇంకా చెప్పడం లేదు. వెంటనే బయలుదేరు.

ఆవులప్ప

గువ్వలపల్లి
4 అక్టోబరు 1943

చిన్నోడికి,

ఈసారి నేను ఏడవను. ఈసారి పడుకున్నది మీ బావా? ముఖానికి కట్టు సరిగ్గా కట్టారా, లేక ఆయన ముక్కు కూడా మూసేశారా? చివరికి ఆయన్ను కూడా పాఠంలోకి లాగావన్నమాట! ఒట్టు తీసి గట్టున పెట్టావు. మా వాళ్ళందరికీ నీ ఉత్తరం చదివి వినిపించాను. ఓబళప్ప కూడా నవ్వాడు. "ఈతూరి నేను మోసపోనమ్మా" అన్నాడు.

రాగుల కోత అయ్యేదాకా రాలేను. ఆయన్ను లేచి కూర్చోమను, చాలు. కొత్త జాడీ ఒకటి పెడుతున్నాను.

అక్క

నగర్తపేట
9 అక్టోబరు 1943

అక్కా,

ఇది పాఠం కాదు. ఎట్లా చెబితే నమ్ముతావో తెలియక కవరులో ఒక గుడ్డముక్క పెట్టాను. ఎర్రదారం కుట్టు చూడు. నీదే.

ఆయన చక్రం మీదికి వంగాడు. గాలికి కొస లేచి బెల్టు మీద పడింది. తలగుడ్డ ఊడిరాలేదక్కా, బిగుసుకుంది. ఆయన్ను పైకి లాగింది. విడిపించుకోవాలని కుడిచెయ్యి పెట్టాడు. అందరం ఆయన వైపే పరిగెత్తాం. నేను కూడా. తొంభైమందికి పాఠం చెప్పినవాణ్ణి, బావ అని అరుస్తూ ఆయన కాళ్ళు పట్టుకుని కిందికి లాగుతున్నాను. పిల్లమ్మ చీపురు పారేసి తాడు వైపు పోయింది. మోటారు ఆగింది. తరువాత వచ్చి, నేర్పినట్టే, ఉతికిన గుడ్డ మడిచి ఆయన తల మీద అదిమి పట్టుకుని ఆసుపత్రిదాకా అట్లాగే కూర్చుంది. ఇంకో రెండు చుట్లు తిరిగి ఉంటే మెడ విరిగేదని డాక్టరు అన్నాడు. కుడిచెవి పోయింది, నెత్తి మీద చర్మం పోయింది, కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. నిన్నటి నుంచి గంజి తాగుతున్నాడు. బతుకుతాడట.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఎనిమిది వేలిముద్రలూ నావి. నా బొటనవేలికి నేనే సిరా రాసుకుని బావ పేరుకెదురుగా ఒత్తాను. ఒక్కరోజు కూడా ఆయన రాలేదు. తలగుడ్డ తీయమని నేను చెప్పలేదు, ఇంకెవరినీ చెప్పనివ్వలేదు. మేనేజరు పుస్తకం తెప్పించి చూశాడు. "ఎనిమిది రోజులు విన్నవాడికే ఇట్లయితే ఈ పాఠం ఎందుకు? అరగంట పని దండగ, ఆపేయండి" అన్నాడు. నిజం చెబితే నా మేస్త్రీగిరీ పోతుంది. చెప్పకపోతే పాఠం పోతుంది. నీ ఒట్టు నిలబెట్టానా, నీ తాళి మీదికి తెచ్చానా, నాకే తెలియడం లేదు. ఏం చేయమంటావు?

బయలుదేరు అక్కా. చెయ్యెత్తి మొక్కుతున్నాను.

ఆవులప్ప

నగర్తపేట
12 డిసెంబరు 1943

అక్కకు,

బావను తీసుకుని నువ్వు బస్సెక్కేదాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆసుపత్రిలో నెలన్నర ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తెచ్చిన అన్నం తిన్నావు, నా ముఖం చూడలేదు. కోపం నా మీదా, నీ మీదా, నాకు తెలియలేదు. ఉత్తరంలో అడిగినదానికి జవాబు రాలేదు గాబట్టి నేనే ఆలోచించుకున్నాను.

పాఠం ఆపేసిన వారానికి పిల్లమ్మ నా దగ్గరికి వచ్చింది. "అన్నా, కొత్తోళ్ళు ఇరవైమంది చేరినారు. వాళ్ళకు తాడు ఏడుందో ఎవురు చెప్తారు?" అంది. ఆ పూటే మేనేజరు గదికి పోయి, నా బొటనవేలు చూపించి, పుస్తకంలో ముద్ర చూపించాను. ఆయన చాలాసేపు రెండూ మార్చి మార్చి చూశాడు. నాకేం వచ్చిందని అబద్ధం ఆడానో ఆయనకు అర్థం కాలేదు. ఇంటల్లుడికి పాఠం చెప్పలేకపోయానంటే, "ఇంటల్లుడికి ప్రాణం ఉండదా?" అన్నాడు.

మేస్త్రీగిరీ తీసేశారు. బొగ్గు దగ్గర ఉన్నాను. పాఠం మళ్ళీ మొదలైంది. ఇంజనీరు చెబుతాడు, తాడు ఎట్లా లాగాలో పిల్లమ్మ చూపిస్తుంది. నేను కూడా పోయి వెనక వరసలో నేల మీద కూర్చుని ఎనిమిది రోజులూ విన్నాను. నా వేలిముద్ర నా పేరుకెదురుగా వేశాను.

బావ తలగాయం ఎట్లా ఉంది? ఒక్క అక్షరం రాయి.

ఆవులప్ప

గువ్వలపల్లి
20 ఫిబ్రవరి 1944

చిన్నోడు ఆవులప్పకు అక్క దీవెనలు.

రెండు నెలలు నీకు రాయలేదు. ఎవరి మీద కోపమో తేలక రాయలేదు. వేలిముద్ర వేసింది నువ్వు. ఒట్టు పెట్టింది నేను. కాఫీ హోటల్లో కూర్చుంది ఆయన. రోజుకొకరిని తిట్టుకుంటూ వచ్చాను. తిట్టు తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికే వస్తోంది. నువ్వు బొగ్గు మోస్తున్నావని వెంకటలక్ష్మి ఓబళప్పతో చెప్పి పంపింది. ఆ రోజు మాత్రం ఏడ్చాను. నిజం చెప్పి మంచి పని చేశావు నాయనా. నేనైతే చెప్పేదాన్నో లేదో.

మీ బావ గాయం ఆరింది. సమ్మెట పట్టే వేళ్ళు లేవు. మొదట్లో గదిలోంచి బయటికి రాలేదు. ఆ తల పదిమందికి చూపించడానికి సిగ్గు. తలగుడ్డ చుడతానంటే వద్దన్నాడు, తగిలితే నొప్పి. మాఘంలో చెరకు గానుగ ఆడడం మొదలైంది. ఒకరోజు గంజి తీసుకుని పోతే మనిషి గదిలో లేడు. వెతికితే గానుగ దగ్గర, తలగుడ్డ లేకుండా, చెరకు అందించేవాడి పక్కన తుమ్మమొద్దు మీద కూర్చుని ఉన్నాడు. "రేయ్, తలగుడ్డ తీ" అంటున్నాడు. వాడు "అపశకునం మామా" అంటే, తన తల వాడివైపు వంచి చూపించాడు. వాడు వెంటనే తీసేశాడు. ఇప్పుడు ఒక్కరి తల మీదా గుడ్డ లేదు, ఆడవాళ్ళు గాజులు పైకి తోసి గుడ్డతో కడుతున్నారు. రోజూ పొద్దున పని ఎత్తుకునే ముందు ఈయన ఉన్నట్టుండి కేక వేస్తాడు. అందరూ ఎద్దుల వైపు పరిగెత్తాలి. ఎవడైనా కేక వైపు వచ్చాడా, ఆ రోజు వాడికి బెల్లం ముక్క లేదు. సుబ్బరాయుడు ఆ ఒంటిచేత్తోనే ముకుతాళ్ళు పట్టుకుని ఎద్దులను ఆపుతాడు. మీ పాఠాన్ని ఆయన ఆ కాఫీ హోటల్లో కూర్చుని ఎట్లా విన్నాడో గానీ, ఒక్క ముక్క వదలకుండా చెబుతున్నాడు.

కవరుతో పాటు మూట ఒకటి పంపిస్తున్నాను. మిగిలిన తలగుడ్డ అది. ఉడకబెట్టి, ఉతికి, నీడలో ఆరబెట్టి, జానెడు వెడల్పున పట్టీలు చించాను. పిల్లమ్మకు ఇవ్వు. మీ పాఠంలో కట్లు కట్టడానికి పనికొస్తాయి. ముక్కు మాత్రం మూయొద్దని చెప్పు.

మొన్న ఒక తమాషా జరిగింది. పొరుగూరి ఆడవాళ్ళు నలుగురు మా గానుగ పక్కగా పోతూ, ఇంతమంది మగవాళ్ళు తలగుడ్డలు లేకుండా నిలబడి ఉండడం చూసి, నేరుగా మా ఇంటికి వచ్చి నన్ను పట్టుకుని ఏడుపు అందుకున్నారు. "ఎవరు పోయినారమ్మా, మాకు కబురైనా పెట్టలేదే" అన్నారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. వాళ్ళను కూర్చోబెట్టి, చెరకురసం ఇచ్చి చెప్పాను.

"ఎవురూ పోలేదమ్మా. పోకుండా ఉండేదానికే తీసినారు."

అక్క
భాగీరథమ్మ